దాచవలసిన జన్మ లేదు

(సుబ్రహ్మణ్య షష్ఠి నాడు దేవస్థాన కల్యాణమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మార్గశిర శుద్ధ షష్ఠి. సంతానాన్ని కోరే దంపతులు స్వామిని సేవించుకొనే రోజు. మోపిదేవి మొదలుకొని మన పల్లెల్లోని చిన్న చిన్న నాగప్రతిష్ఠల వరకు నేడు పాలు పోయని పుట్ట ఉండదు. ఈ ఉదయం అభిషేకవేళ ఒక దంపతులు నాకు మడిచిన చీటీ ఒకటి అందించి, ఎవరైనా చూస్తారేమో అన్నట్లు తొందరగా వెళ్లిపోయినారు. అందులో ఒక్కటే ప్రశ్న: "దాంపత్య సంయోగం లేకుండా, వైద్యుల సాయంతో బిడ్డను కనడం మన ధర్మానికి సమ్మతమేనా?"

ఆ దంపతులు ఈ సభలో ఉన్నారో లేదో తెలియదు. ఆ ప్రశ్న మాత్రం వారిద్దరిదే అని నేను అనుకోవడం లేదు. అందుచేత ఈనాటి ప్రసంగానికి అనుకున్న విషయాన్ని పక్కన పెట్టి ఈ ప్రశ్నకే సమాధానం చెప్పదలచినాను.

మొదట మనం ఉదయం చదివిన అష్టోత్తరాన్ని గుర్తు చేసుకోండి. స్వామిని ఏయే నామాలతో పిలిచినాము? అగ్నిభువు అన్నాము. గాంగేయుడు అన్నాము. శరవణభవుడు, కార్తికేయుడు అన్నాము. ఈ నామాలన్నీ ఆయన పుట్టుక కథనే చెబుతున్నవి. పరమేశ్వర తేజస్సును అగ్ని మోసినాడు. మోయలేక గంగకు అప్పగించినాడు. గంగ రెల్లుపొదలలో విడిచినది. ఆరుగురు కృత్తికలు పాలిచ్చినారు. పార్వతి ఒడిలో పెరిగినాడు. శ్రీమద్రామాయణం బాలకాండలో విశ్వామిత్ర మహర్షి ఈ కుమారసంభవ వృత్తాంతాన్ని శ్రీరామునికి చెప్పినాడు. స్వామి జననంలో ఇన్ని చేతులు ఉన్నవి. ఏ ఒక్క చేతినీ మన పెద్దలు దాచలేదు. ప్రతి చేతికీ ఒక నామం పెట్టి, పువ్వు వేసి, "నమః" అన్నారు. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకొని మిగిలినది వినండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. డెబ్బై దాటిన వాడిని. ఇంకా దాచుకొని చేసేది ఏమున్నది?

సుమారు 20 ఏళ్ల క్రితం ఒక ఇంట నామకరణానికి వెళ్లినాను. పెళ్లయిన పదకొండేళ్లకు కలిగిన ఆడపిల్ల. ఇల్లంతా పండుగగా ఉన్నది. పుణ్యాహవాచనం ముగిసిన తరువాత తండ్రి నన్ను పెరటివైపు తీసుకువెళ్లి, గొంతు తగ్గించి, "అయ్యా, మా పాప ఆసుపత్రిలో వైద్యం ద్వారా నిలిచిన బిడ్డ. అండమూ బీజమూ మావే. బయట కలిపి తిరిగి గర్భంలో ఉంచినారు. దోషమేమైనా ఉన్నదా? శాంతి చేయించమంటారా?" అని అడిగినాడు.

దోషం లేదని నాకు అప్పుడూ తెలుసు. ఆ మాటే చెప్పినాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "కాని నాయనా, ఈ సంగతి ఎవరితోనూ అనకండి. బిడ్డకు కూడా చెప్పకండి. లోకం ఒక తీరున ఉండదు" అన్నాను. వారు నా మాటను వేదవాక్యంగా తీసుకొన్నారు. 

ఆ పిల్లకు పదహారేళ్లు వచ్చిన తరువాత, బంధువుల పెళ్లిలో ఆస్తి విషయమై మాట పెరిగి, ఒక పెద్దావిడ నలుగురిలో ఆ తల్లిని ఉద్దేశించి "సీసాలో పుట్టించుకొన్న పిల్లను చూసుకొనే కదా ఈ మిడిసిపాటు" అన్నదట. ఆ పిల్ల అక్కడే ఉన్నది. తరువాత ఇంట్లో ఏమి జరిగినదో నాకు తెలియదు. కొన్నాళ్లకు తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చినది. అరుగుమీద కూర్చొని, ఏడవకుండా, నా ముఖంలోకి చూసి అడిగినది: "తాతగారూ, నన్ను దాచమని మీరే చెప్పినారట. నేను దాచవలసిన దాన్నా?"

ఏభై ఏళ్లు శాస్త్రం చదివినాను. ఎన్నో సభల్లో పూర్వపక్షాలకు సమాధానం చెప్పినాను. ఆ పిల్ల ప్రశ్నకు వెంటనే సమాధానం దొరకలేదు. ఈనాటి ప్రసంగం ఆమెకు నేను బాకీపడిన సమాధానం అనుకోండి.

మన ఇతిహాస పురాణాలలో స్త్రీ పురుష సంయోగం లేకుండా, లేదా సాధారణ రీతికి భిన్నంగా కలిగిన జన్మలు అనేకం ఉన్నవి. భరద్వాజ మహర్షి తేజస్సు ద్రోణమనే యజ్ఞపాత్రలో నిలువగా పుట్టినవాడు ద్రోణాచార్యుడు. ఆయన పేరే ఆ పాత్ర పేరు. శరద్వంతుని తేజస్సు రెల్లుగడ్డిలో పడగా పుట్టిన కవలలను శంతను మహారాజు కృపతో తెచ్చి పెంచినందున వారు కృపుడు, కృపి అయినారు. దేవకీదేవి గర్భంలోని శిశువును యోగమాయ ఆకర్షించి రోహిణీదేవి గర్భంలో నిలిపినందున బలరామునికి సంకర్షణుడని పేరు. యువనాశ్వ మహారాజు రాణి కోసం ఉంచిన మంత్రజలాన్ని దప్పికతో తానే త్రాగగా, ఆయన పార్శ్వం నుండే బిడ్డ పుట్టినాడు. తల్లిపాలు లేని ఆ బిడ్డకు ఇంద్రుడు తన వేలినే అందించి పోషించినాడు. ఆ సంగతిని చెప్పే పేరే మాంధాత. గాంధారి గర్భం నుండి వెలువడిన మాంసపిండాన్ని వ్యాసభగవానుడు చన్నీటితో తడిపించి, నూటొక్క భాగాలుగా నేతి కుండలలో భద్రపరచినాడు. నూరుగురు కొడుకులు, దుశ్శల అనే కూతురు కలిగినారు. దశరథునికి పుత్రకామేష్టిలో పాయసం లభించినది. సీతమ్మ నాగేటిచాలులో దొరికినది. ద్రౌపది అగ్నికుండం నుండి వచ్చినది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఈ కథలను చూపి, నేటి ఆసుపత్రులలోని విద్య అంతా మన ఋషులకు ముందే తెలుసునని కొందరు సభలలో అంటుంటారు. నేను ఆ మాట అనను. ద్రోణకలశాన్ని ప్రయోగశాల పాత్ర అనడం ద్రోణునికీ గౌరవం కాదు, రాత్రింబగళ్లు శ్రమించి ఈ విద్యను సాధించిన వైద్యులకూ న్యాయం కాదు. పురాణం మనకు యంత్రాన్ని ఇవ్వలేదు. బిడ్డ ఏ దారిన వచ్చినా ఎట్లా స్వీకరించాలో నేర్పినది. వారి వారి పుట్టుకను వారి పేర్లలోనే పెట్టి, తలెత్తుకొని తిరగమన్నది.

మరి ఒక్కరి విషయంలో మాత్రం అట్లా జరగలేదు. ఆయన కర్ణుడు.

కుంతీదేవికి దూర్వాస మహర్షి ఇచ్చిన మంత్రం వలన, సూర్యభగవానుని అనుగ్రహంతో కర్ణుడు కలిగినాడు. అదే మంత్రంతో తరువాత ధర్మజ భీమార్జునులు కలిగినారు. మంత్రం ఒకటే, తల్లి ఒకతే. ఆ ముగ్గురూ తల్లి వద్దనే పెరిగినారు. ఇతడు పెట్టెలో ఏటిపాలైనాడు. భేదం పుట్టిన విధానంలో లేదు. లోకానికి వెరచి దాచడంలో ఉన్నది.

కుమారాస్త్రవిద్యా ప్రదర్శన నాటి ఘట్టం తలచుకోండి. అర్జునునితో ద్వంద్వయుద్ధానికి నిలిచిన కర్ణుని కులగోత్రాలు చెప్పమని అడిగినవాడు కృపాచార్యుడు. రెల్లుగడ్డిలో పుట్టిన కృపుడే అడిగినాడు! కర్ణుని తల వాలిపోయినది. భీముడు పరిహసించినాడు. అప్పుడు దుర్యోధనుడు చెప్పిన సమాధానం మన చర్చకు ప్రాణం వంటిది. శూరుల జన్మ, నదుల జన్మ విచారింపతగినవి కావని, ద్రోణుడు కలశంలో పుట్టలేదా, కృపుడు శరస్తంబంలో పుట్టలేదా, కుమారస్వామి పుట్టుక ఎటువంటిదని అతడు సభను అడిగినాడు. దుర్యోధనుడు పలికిన మాటలన్నీ అధర్మమే అనుకోవద్దు. ఆనాడు ధర్మం అతని నోట పలికినది. నిజం తెలిసిన తల్లి ఆ సభలోనే ఉన్నది. మూర్ఛపోయినదే గాని నోరు విప్పలేదు. యుద్ధం ముగిసి, తర్పణాలు విడిచే వేళ, కర్ణుడు మీ అన్న అని చెప్పినది. అప్పుడు ధర్మరాజు పడిన దుఃఖం భారతంలో చదివినవారికి తెలుసు.

ద్రోణుడు తన పుట్టుకను పేరుగా ధరించి ఆచార్యుడైనాడు. కర్ణునికి తన పుట్టుక తెలియక బ్రతుకంతా గాయమైనది. నేను ఆ తండ్రికి చెప్పినది రెండవ మార్గం. భారతం ప్రవచనం చేసిన నోటితోనే చెప్పినాను.

ఇక చీటీలోని ప్రశ్నకు సూటిగా వస్తాను. సంయోగం లేకుండా గర్భధారణ ఎవరికి అవసరమవుతుంది? ఎట్లా జరుగుతుంది? నాకు వైద్యం తెలియదు. ఈ విద్యలో పనిచేసిన వైద్యులను అడిగి తెలుసుకొన్నదే చెబుతున్నాను. మీ దేహానికి ఏది తగునో మీ వైద్యులే చెప్పాలి.

సంతానం కలగకపోవడం అరుదైన సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బందిని ఎదుర్కొంటున్నారు. ఏడాదిపాటు కలిసి కాపురం చేసినా గర్భం నిలవకపోతే పరీక్ష చేయించుకోవాలని, భార్యకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే వెళ్లాలని వైద్యులు చెబుతారు. కారణాలు వెదికినప్పుడు దాదాపు సగం జంటలలో పురుషుని వైపు కూడా లోపం కనబడుతుంది. కాని మన ఇళ్లలో నింద మొత్తం కోడలి నెత్తిన పడుతుంది. శ్రీమంతానికి పిలవరు. పేరంటంలో పసుపు రాయడానికి సందేహిస్తారు. కొడుకుకు పరీక్ష అంటే మాత్రం పౌరుషం అడ్డువస్తుంది. పురుషునికి చేసే మొదటి పరీక్ష సులభమైనది, ఖర్చు తక్కువైనది, నొప్పి లేనిది. అది చేయించకుండా కోడలిని ఏళ్ల తరబడి మందులపాలు చేయడం అధర్మం.

మరికొందరి బాధ ఇంకా గుప్తమైనది. వివాహమై ఏళ్లు గడిచినా సంయోగమే సాధ్యపడని దంపతులు ఉన్నారు. కొందరు స్త్రీలకు తమ ప్రమేయం లేకుండానే దేహం బిగుసుకొని తీవ్రమైన నొప్పి కలుగుతుంది. కొందరు పురుషులకు మధుమేహం వలనో, మనోవ్యాకులత వలనో సామర్థ్యం తగ్గుతుంది. ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్నవారు ఉన్నారు. వీరిలో చాలామందికి ఆ బాధకే చికిత్స ఉన్నది. అది నయమయ్యేదాకా ఆగనవసరం లేకుండా, లేదా నయం కాకపోయినా, బిడ్డను కనే మార్గాలూ ఉన్నవి.

మొదటిది ఐ.యు.ఐ. అనే పద్ధతి. భర్త బీజాన్ని సేకరించి, శుభ్రపరచి, చలనం బాగా ఉన్న కణాలను వేరుచేసి, భార్యకు అండం విడుదలయ్యే సమయాన్ని గమనించి సన్నని గొట్టం ద్వారా గర్భాశయంలో ఉంచుతారు. కొద్ది నిమిషాల పని. మత్తుమందు అక్కరలేదు. అండవాహికలు తెరచి ఉన్నవారికి ఇది పనికివస్తుంది. క్యాన్సర్ చికిత్సకు వెళ్లే యువకులు ముందే తమ బీజాన్ని శీతలీకరించి భద్రపరచుకోవచ్చును.

రెండవది ఐ.వి.ఎఫ్. లోకంలో టెస్ట్ ట్యూబ్ బేబీ అంటారు గాని, గొట్టంలో బిడ్డ పెరగడమన్నది లేదు. భార్యకు సుమారు పది పన్నెండు రోజులు సూదిమందులిచ్చి అండాలను పరిపక్వం చేస్తారు. స్కానింగులో చూస్తూ సన్నని సూదితో వాటిని సేకరిస్తారు. ఒక చిన్న గాజుపళ్లెం వంటి పాత్రలో భర్త బీజంతో కలుపుతారు. దేహమంత వెచ్చదనంలో మూడు నుండి అయిదు రోజులు ఉంచి, ఏర్పడిన పిండాన్ని తల్లి గర్భంలో నిలుపుతారు. తరువాతి తొమ్మిది నెలలూ తల్లి మోసేదే. బీజకణాలు మరీ తక్కువగా ఉన్నప్పుడు ఒక్క కణాన్నే తీసుకొని సూక్ష్మమైన సూదితో అండంలో ప్రవేశపెడతారు. దానిని ఇక్సీ అంటారు. బెల్జియం దేశంలోని బ్రస్సెల్స్ నగర వైద్యులు 1992లో దానిని సఫలం చేసినారు.

ఈ విద్య ఫలించి తొలి బిడ్డ పుట్టినది ఇంగ్లండులో, 1978 జూలై 25న. దానికి మూలపురుషులలో ఒకరైన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి లభించినది. కాని మన దేశపు కథ ఎందరికి తెలుసు? ఇంగ్లండు బిడ్డ పుట్టిన 70 రోజులకు, 1978 అక్టోబరు 3న కలకత్తాలో, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి వలన ఒక ఆడపిల్ల పుట్టినది. శరన్నవరాత్రుల వేళ పుట్టిన ఆ బిడ్డను దుర్గ అన్నారు. ఆయన మాటను ప్రభుత్వం నియమించిన సంఘం నమ్మలేదు. పరిశోధన సాగనివ్వలేదు. అవమానం భరించలేక 1981 జూన్‌లో ఆయన ప్రాణం తీసుకొన్నారు. 1986 ఆగస్టు 6న ముంబయిలో పుట్టిన మరో బిడ్డే దేశంలో మొదటిదని చాలాకాలం చెప్పుకొన్నారు. ఆ ముంబయి విజయంలో ముఖ్యులైన డాక్టర్ టి.సి. ఆనంద్ కుమార్ తరువాత ముఖోపాధ్యాయ గారి పత్రాలను పరిశీలించి, ఆ ఘనత తనది కాదని, కలకత్తా వైద్యునిదని 1997లో ప్రకటించినారు. తన కీర్తిని తానే మరొకరికి అప్పగించడం కన్న సత్యవ్రతం ఏమున్నది? ఆ దుర్గ కూడా లోకదృష్టికి దూరంగా పెరిగి, పాతికేళ్ల వయసులో, తానే ఆ బిడ్డనని సభాముఖంగా చెప్పుకొన్నది. ఆమె ఆ మాట చెప్పడం వలన, తన కోసం ప్రాణాలు కోల్పోయిన వైద్యునికి గౌరవం పెరిగినది. దాచిన సంగతి వెలుగులోకి వచ్చినప్పుడు ఎవరి పరువూ పోలేదు. పోయిన పరువు తిరిగి వచ్చినది.

ఇక ధర్మసందేహాలు. దంపతుల అండబీజాలతోనే బిడ్డ కలిగినప్పుడు సందేహానికి తావే లేదు. షోడశ సంస్కారాలలో మొదటిది గర్భాధానం. సత్సంతానం కోసం దంపతులు చేసే సంకల్పం దానికి ప్రాణం. ఆ సంకల్పంతో పూజామందిరంలో దీపం పెట్టి ఆసుపత్రికి బయలుదేరండి. సీమంతం, జాతకర్మ, నామకరణం అన్నీ యథావిధిగా జరుగుతవి. శాంతులు, ప్రాయశ్చిత్తాలు అక్కరలేదు. అవి చేయించాలని ఎవరైనా అడిగితే, ఏ దోషానికో చెప్పమని మర్యాదగా అడగండి.

ఇతరుల అండమో బీజమో స్వీకరించినప్పుడు గోత్రమేమిటని అడుగుతారు. మనుధర్మశాస్త్రం తొమ్మిదవ అధ్యాయంలో పుత్రులు పన్నెండు విధాలని చెప్పినారు. కడుపున పుట్టినవాడే పుత్రుడని శాస్త్రం ఎన్నడూ తలుపులు మూయలేదు. దత్తుడైన కుమారునికి జన్మనిచ్చినవాని గోత్రం ఉండదు, స్వీకరించినవాని గోత్రమే. దంపతులిద్దరూ ఒక్క మాటగా సంకల్పించి, భార్య నవమాసాలు మోసి, భర్త నామకరణం చేసిన బిడ్డకు ఆ తండ్రి గోత్రమే చెల్లుతుందని నా అభిప్రాయం. విభేదించే పండితులు ఉండవచ్చును. వారితో చర్చకు సిద్ధం. బిడ్డను మాత్రం ఆ చర్చలోకి లాగకండి.

రాజశాసనం కూడా ఇదే దారిలో ఉన్నది. 2021లో మన పార్లమెంటు చేసిన రెండు చట్టాలు 2022 జనవరి 25 నుండి అమలులో ఉన్నవి. ఈ విధంగా పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే, సర్వహక్కులూ ఉంటవి. దాతకు తల్లిదండ్రుల హక్కు ఉండదు. చికిత్సకు స్త్రీకి 21 నుండి 50, పురుషునికి 21 నుండి 55 ఏళ్ల వయోపరిమితి ఉన్నది. నమోదైన కేంద్రాలలోనే చేయించుకోవాలి. దాతల బీజానికి హెచ్.ఐ.వి. మొదలైన వ్యాధుల పరీక్ష తప్పనిసరి. అందుచేత తెలిసినవారి వద్ద గుట్టుగా బీజం తీసుకొని ఇంటిలోనే ప్రయత్నించడం అపాయం. ఆడ, మగ అని ఎంచుకోవడం నేరం. సీతమ్మను నేలతల్లి ఇచ్చినప్పుడు జనకుడు కొడుకు కావాలని అడగలేదు.

మరొక స్త్రీ గర్భాన మోయించే సరోగసీని అద్దె గర్భమని నేటికీ అంటున్నారు. ఆ పేరు మానవలసినది. చట్టం అద్దెను నిషేధించినది. వైద్య ఖర్చులు, బీమా తప్ప ధనం ఇవ్వరాదు. వివాహితయై, తన బిడ్డ ఉండి, 25 నుండి 35 ఏళ్ల మధ్య వయసు గల స్త్రీ, జీవితంలో ఒక్కసారి మాత్రమే మోయవచ్చును. రోహిణీదేవి చేసినది అద్దెకు కాదు. అటువంటి తల్లి ఎవరికైనా దొరికితే, ఆమె పేరును మీ ఇంటి పండుగలలో తలచుకోండి.

మంచిమాటలతో పాటు కటువైనదీ చెప్పాలి. ఈ చికిత్సలు ప్రతిసారీ ఫలించవు. స్త్రీ వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా 35 దాటిన తరువాత, అవకాశం తగ్గుతూ పోతుంది. ఒకటికి మించి పిండాలు నిలిస్తే తల్లికీ బిడ్డలకూ ప్రమాదం పెరుగుతుంది. నూటికి నూరుపాళ్లు హామీ ఇచ్చే వారిని నమ్మవద్దు. ఖర్చు ఎంతో మొదటే కాగితంపై వ్రాయించుకోండి. ఇల్లు తాకట్టు పెట్టి చేయవలసిన వ్రతం ఏదీ శాస్త్రంలో లేదు. చికిత్సకూ అదే సూత్రం.

మ్రొక్కుల విషయంలో కూడా ఒక మాట. ఈ క్షేత్రంలో షష్ఠి వ్రతం చేయండి, అశ్వత్థ ప్రదక్షిణం చేయండి, స్వామి అనుగ్రహిస్తాడు. కాని ఒక మండలం అయిన తరువాత మరొక మండలం అంటూ వైద్యాన్ని వాయిదా వేయకండి. దశరథుడు ఇష్టి చేసినాడు, పాయసాన్ని రాణులు సేవించినారు. యజ్ఞం చేసి పాయసం పక్కన పెట్టలేదు. వైద్యుని చేతి మందును ఆ పాయసంగా భావించి స్వీకరించండి. హుండీలో వేయదలచిన ధనం పరీక్షకు అవసరమైతే ముందు పరీక్ష చేయించుకోండి. స్వామి ఆగుతాడు. వయసు ఆగదు. ఈ మాట అన్నందుకు దేవస్థానంవారు నన్ను మన్నించాలి.

అన్నీ చేసినా ఒడి నిండనివారు ఉంటారు. వారి ముందు ఈ కథలన్నీ చెప్పి నిరాశ పెంచడం నా ఉద్దేశం కాదు. తులసివనంలో దొరికిన పాపను విష్ణుచిత్తులవారు ఎత్తుకొన్నారు. ఆమె గోదాదేవి అయినది. పద్మంలో దొరికిన బిడ్డను నారాయణవనం పాలించిన ఆకాశరాజు పెంచుకొన్నాడు. శ్రీనివాసుడు ఆ ఇంటికే అల్లుడై వచ్చినాడు. ఆ తండ్రులను ఎవరూ సంతానం లేనివారు అనలేదు. చట్టబద్ధమైన దత్తత నేడూ ఉన్నది. దత్తత కూడా వద్దనుకొని, ఒకరికొకరై జీవించే దంపతులూ సంపూర్ణులే. అటువంటి వారిని ఫలపుష్పాలు లేని చెట్టుతో పోల్చే నాలుకకు ఈ క్షేత్రంలో తీర్థం ఇవ్వాలా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇక ఆ పిల్ల సంగతి. ఆనాడు అరుగుమీద కొంతసేపు మౌనంగా ఉండి, చివరకు ఇట్లా అన్నాను: "అమ్మా, దాచవలసినది నీ పుట్టుక కాదు. నా పిరికితనాన్ని దాచుకొన్నాను. నీ తల్లి నీ కోసం ఎన్ని సూదులు ఓర్చుకొన్నదో ఇంటికి వెళ్లి అడుగు. అన్నీ చెప్పమను." ఆమె ఏమీ అనలేదు. లేచి నమస్కరించి వెళ్లిపోయినది. క్షమించినదో లేదో తెలియదు.

మరుసటి ఏడాది దీపావళికి ఆ తండ్రి ఒక సంగతి చెప్పినాడు. ఆ పిల్ల తల్లిని కూర్చోబెట్టి పాత ఆసుపత్రి కాగితాలన్నీ తీయించి, తేదీలవారీగా సర్ది, ఒక పుస్తకంగా కుట్టినదట. పైన తన పేరు వ్రాసుకొన్నదట. మనం స్వామికి చేసే అష్టోత్తరం వంటిదే అది. తనను మోసిన చేతులన్నింటికీ ఆమె పేరు పెట్టుకొన్నది.

చీటీ అందించిన దంపతులారా! మీ ప్రశ్నకు సమాధానం: సమ్మతమే. ఇద్దరూ కలిసి వైద్యుని వద్దకు వెళ్లండి. బిడ్డ కలిగితే, కొంచెం తెలివి వచ్చిన నాటి నుండే కథలాగా చెప్పండి. మా కోసం ఎందరు శ్రమించి నిన్ను తెచ్చి ఇచ్చినారో అని చెప్పండి. మరొకరి నోట నిందగా వినేలోపు మీ నోట ముద్దుగా వినాలి. నామకరణానికి పురోహితుడు దొరకకపోతే నాకు కబురు చేయండి. పెరటిలోకి పిలవనక్కరలేదు. వాకిట్లో, అందరి ఎదుటా అడగండి. ఈసారి సరిగా చెబుతాను.

వల్లీదేవసేనా సమేత సుబ్రహ్మణ్యస్వామి మీ అందరినీ చల్లగా చూచుగాక.

శుభం భూయాత్.